హరిత థియేటర్లో వరహాలమ్మ గడ్డ

మా ఆపరేషన్ థియేటర్ వల్ల భూగోళం వేడెక్కుతోందన్న సంగతి మాకు ఒక బుధవారం పదకొండున్నరకు తెలిసింది. అప్పటిదాకా మేం ఏదో రోగులకు ఆపరేషన్లు చేసుకుంటున్నామనే అనుకున్నాం. పైనుంచి వచ్చిన సర్క్యులర్ పద్దెనిమిది పేజీలుంది. విభాగానికి మూడేసి ప్రతుల చొప్పున, కాగితానికి ఒకవైపే అచ్చువేసి పంపారు.

నా పేరు సువార్త. ఈ జిల్లా పెద్దాసుపత్రి థియేటర్లో ఇన్‌చార్జి సిస్టర్ని. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఆపరేషన్‌కి ముందు ఎన్ని మాపులు ఇచ్చానో, కడుపు మూసేముందు అన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోవడం నా ఉద్యోగంలో ముఖ్యమైన పని. మాపంటే నెత్తురు అద్దే గుడ్డ. అది లోపల ఉండిపోతే రోగి మళ్ళీ మా దగ్గరికే వస్తాడు, ఈసారి బంధువులతో సహా.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ సర్క్యులర్ మొదటి పేజీలో రాసింది అబద్ధం కాదు. థియేటర్లో మేం పారేసేది చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. మా పెద్ద సర్జన్ డాక్టర్ భుజంగరావు గారికి ఒక అలవాటుంది. కత్తి పట్టుకోకముందే ఆరు కుట్టుదారం ప్యాకెట్లు చింపించి బల్ల మీద పెట్టించుకుంటారు. వాడేది రెండు. ఒకసారి చింపింది ఇంకో రోగికి పనికిరాదు కాబట్టి మిగిలిన నాలుగూ బుట్టలోకి పోతాయి. "అడిగినప్పుడు చింపి ఇస్తాను సార్, పక్కనే ఉంటాను కదా" అని ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో నాకే తెలీదు. ఆయన జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే.

"సిస్టర్, ప్రాణం ముఖ్యమా, ప్యాకెట్ ముఖ్యమా?"

ప్రాణమే ముఖ్యమని నాకూ తెలుసు. బుట్టలోకి పోయిన ఆ నాలుగు ప్యాకెట్ల వల్ల ఏ ప్రాణం నిలబడిందో మాత్రం ఇప్పటివరకూ ఎవరూ చెప్పలేదు.

సర్క్యులర్‌తోబాటు ఒక ప్రశ్నావళి కూడా వచ్చింది. 'పర్యావరణహిత శస్త్రచికిత్సాలయము పట్ల సర్జన్ల వైఖరి' అని దాని పేరు. మా ఏడుగురు సర్జన్ల చేతా దాన్ని నింపించి పంపే పని నా నెత్తిన పడింది. మనిషి పొట్ట కోయమంటే నిమిషం ఆలోచించని వాళ్ళు, కాగితం మీద టిక్కు పెట్టమంటే నాలుగు రోజులు తిప్పారు. చివరికి అన్నీ నా చేతికొచ్చాక కూర్చుని చదివాను. పర్యావరణాన్ని కాపాడాలా అన్న ప్రశ్నకు ఏడుగురూ అవునన్నారు. ఆపరేషన్ థియేటర్లలో వృథా ఎక్కువగా ఉందా అంటే దానికీ ఏడుగురూ అవునన్నారు. మీ థియేటర్లో ఉందా అంటే ఏడుగురూ లేదన్నారు. మా ఆసుపత్రిలో ఉన్నది ఒక్కటే థియేటర్. ఏడుగురూ అందులోనే రోజులు పంచుకుని ఆపరేషన్లు చేస్తారు.

వృథాను ఎవరు తగ్గించాలి అన్నది ఆఖరి ప్రశ్న. సర్జన్లలో ఎక్కువమంది మత్తు డాక్టర్లు తగ్గించాలని రాశారు. చెవి ముక్కు గొంతు చూసే కృపానందం గారు నర్సులు తగ్గించాలని రాశారు. భుజంగరావు గారు ఆ ప్రశ్న దాకా రాలేదు. కాగితం తిరగేసి, వెనకవైపు ఎవరో రోగికి మందులు రాసిచ్చేశారు. దాన్ని మందుల కౌంటర్ నుంచి వెనక్కి తెచ్చుకోవడానికి నాకు గంట పట్టింది.

ఈ జవాబులు చదివిన తర్వాత పైవాళ్ళకు మా మీద గట్టి నమ్మకం కుదిరినట్టుంది. నెల తిరక్కుండానే ఒక హరిత నోడల్ అధికారిని పంపారు. ఆయన పేరు ముక్తేశ్వరరావు. అంతకుముందు చెరువుల్లో పూడికతీత చూసేవారట. వచ్చిన మొదటి రోజే సూపరింటెండెంట్ త్రినాథరావు గారి గదిలో మా అందరినీ సమావేశపరిచారు.

"శస్త్రచికిత్స అనునది వ్యక్తికి మేలు చేయును. మంచిదే. మరి ధరిత్రికి ఏమి చేయుచున్నది? ఈ కోణమున ఇంతవరకు ఏ వైద్యుడును యోచించి ఉండలేదు," అని మొదలుపెట్టారు. పేపరు చదివినట్టే మాట్లాడతారాయన. మంచినీళ్ళు అడిగినా అలాగే అడుగుతారు.

పథకం ఏమిటంటే, ప్రతి ఆపరేషన్‌లోనూ వచ్చే వ్యర్థాన్ని పసుపు సంచిలో వేసి తూకం వేయాలి. ఒక్కో ఆపరేషన్‌కి తొమ్మిది వందల గ్రాముల దాకా పర్వాలేదు. ప్రతి సర్జనూ నెల మొదట్లో వంద ఆకులతో బయలుదేరతాడు. పరిమితి దాటిన ప్రతి వంద గ్రాములకూ ఒక ఆకు రాలిపోతుంది. వరండాలో పెద్ద బోర్డు పెట్టి, దాని మీద ఒక్కో సర్జన్ పేరునా ఒక చెట్టు బొమ్మ గీసి, ఆకుపచ్చ కాగితం ఆకులు అంటించాలి. మార్చి ముప్పై ఒకటిన రాజధాని నుంచి మూల్యాంకన బృందం వచ్చి, నచ్చితే రాష్ట్రంలో తొలి హరిత థియేటర్ అన్న బిరుదు మనకే ఇస్తుంది.

"ఆకులట, ఆకులు. నేనేమైనా మేకనా?" అని భుజంగరావు గారు నా చెవిలో అన్నారు.

"వ్యర్థమనగా, శస్త్రచికిత్స కారణమున థియేటర్ ఆవరణలో ఉత్పన్నమగు సమస్త ఘన, అర్ధఘన పదార్థము," అని ముక్తేశ్వరరావు గారు నిర్వచనం చదివారు.

కృపానందం గారు చెయ్యెత్తారు. "రోగి లోంచి తీసిన భాగం కూడానా సార్?"

"సమస్తము అన్నప్పుడు అదియు వచ్చినది గదా డాక్టరు గారూ."

మా మత్తు డాక్టర్ మెహరున్నీసా గారు నిజాయితీ గల మనిషి. ఆవిడ లేచి, "సార్, నేనిచ్చే మత్తు గ్యాసు సంగతి? అది గాలిని బాగా పాడుచేస్తుందని చదివాను. తగ్గించే పద్ధతులు కూడా ఉన్నాయి, నేర్పిస్తానంటే నేను సిద్ధం," అన్నారు.

"మీ నిజాయితీని అభినందించుచున్నాము. కాని అమ్మా, వాయువు కాటాకు ఎక్కదు."

ఆ విధంగా ఆవిడ పేరున కూడా ఒక చెట్టు పెట్టారు, దాని వంద ఆకులూ శాశ్వతంగా ఉండిపోయాయి. ఆవిడ ఆ రోజంతా దిగులుగా ఉన్నారు.

కాటా విడిగా కొనడానికి ఏర్పాటు లేకపోవడంతో ప్రసూతి వార్డు నుంచి పసిపిల్లల కాటా తెచ్చి థియేటర్ గుమ్మంలో పెట్టారు. ప్రసూతి వార్డు వాళ్ళు అప్పటినుంచి పిల్లల బరువు చేత్తో ఎత్తి చూసి రాసుకోవడం మొదలుపెట్టారు.

మొదటి నెల ఆఖర్న బోర్డు మీద ఆకులు చూసి అందరం నిర్ఘాంతపోయాం. కృపానందం గారి చెట్టుకి వందకి వందా ఉన్నాయి. చెవిలోంచి, ముక్కులోంచి ఎంత తీసినా ఎన్ని గ్రాములు వస్తుంది గనక. ఎముకల డాక్టర్ సింహాద్రి గారికి నూట నాలుగు వచ్చాయి. ఆయన రోగిలోంచి తీసేది తక్కువ, ఇనప రాడ్లూ ప్లేట్లూ లోపల పెట్టేది ఎక్కువ. ఆయన చేతిలో పడ్డ రోగి వచ్చినప్పటికంటే బరువుగా బయటికి వెళతాడు. అంటే ఆవరణలోంచి కొంత పదార్థాన్ని రోగే మోసుకుపోతున్నాడని ముక్తేశ్వరరావు గారు ఆయనకు అదనపు ఆకులు ఇచ్చారు. భుజంగరావు గారి చెట్టుకి ముప్పై ఒక్క ఆకులు మిగిలాయి. ఏడుగురిలో ఏడో స్థానం.

ఆయన బోర్డు ముందు పది నిమిషాలు నిలబడ్డారు. ఆరో తరగతి నుంచి ఎక్కడా రెండో స్థానంలో నిలబడి ఎరగని మనిషి. దారిన పోయేవాళ్ళు ఆయన చెట్టునీ ఆయన్నీ మార్చి మార్చి చూశారు.

నాకైతే లోలోపల సంతోషం వేసింది. ఇన్నాళ్ళకు నా మాట చెల్లే రోజొచ్చిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన గదికి వెళ్ళి, "సార్, ఇకనుంచి దారం అడిగినప్పుడే చింపుతాను," అన్నాను.

ఆయన అప్పటికే అన్నీ తూచేసి ఉన్నారు. "ఒక్కో ప్యాకెట్ ఎనిమిది గ్రాములు సిస్టర్. ఆరూ కలిపినా యాభై లేదు. పిత్తాశయం రాళ్ళతో కలిపి నూట ఇరవై. గొంతు గడ్డ నాలుగు వందలు. పేగు ముక్క తీస్తే చెప్పనే అక్కర్లేదు. సమస్య ప్యాకెట్లలో లేదు. రోగుల్లో ఉంది."

ఆ రోజు కూడా ఆరు ప్యాకెట్లూ చింపాను.

అక్కణ్ణించి ఆయన కేసుల్ని బరువును బట్టి ఎంచడం మొదలుపెట్టారు. హెర్నియా అంటే ఆయనకు ప్రాణం లేచొచ్చేది. అందులో తీసేది ఏమీ ఉండదు. బయటికి జారిన పేగుని లోపలికి తోసి, అడ్డంగా వల పెట్టి కుట్టేస్తారు. పైగా ఆ వల రోగితోనే వెళ్ళిపోతుంది. ఊళ్ళో హెర్నియా ఉన్నవాళ్ళందరికీ ఆ నెల్లోనే అయిపోయింది. లేనివాళ్ళని కూడా ఆయన ఒకసారి దగ్గమని, ఎక్కడైనా ఉబ్బుతుందేమో చూసేవారు. గొంతు గడ్డల వాళ్ళకు మాత్రం వచ్చే నెల రమ్మని చెప్పారు. వచ్చే నెల వస్తే ఆ పై నెల రమ్మన్నారు. షుగరు ముదిరి కాలు తీయాల్సిన పెద్దమనిషి ఒకాయన ఎముకల విభాగానికీ సర్జరీ విభాగానికీ మధ్య నాలుగు రోజులు ఆ కాలుతోనే తిరిగాడు. కాలు ఎనిమిది కిలోలైనా తూగుతుందని రెండు విభాగాలకూ తెలుసు. అయిదో రోజు ఆయన ఎవరికీ చెప్పకుండా వేరే ఊరి ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. ఆయన నిష్క్రమణను 'వ్యర్థ నివారణ' కింద రాశారు.

టీ తాగే గదిలో ఒకరోజు మెహరున్నీసా గారు విసుగొచ్చి, "ఇంకెందుకు సార్, మాపు ఒకటి లోపల మరిచిపోండి. నెత్తురుతో కలిపి నూట యాభై గ్రాములు కలిసొస్తుంది," అన్నారు. అందరం నవ్వాం. ముక్తేశ్వరరావు గారు నవ్వలేదు. జేబులోంచి పుస్తకం తీశారు.

"మరచుటకు ఏమైనా నియమములు కలవా?"

నాకు ఒళ్ళు మండింది. "నేను ఉన్నంతకాలం ఈ థియేటర్లో మాపు మరిచిపోవడమంటూ ఉండదు సార్. అది రాసుకోండి," అన్నాను. ఆయన అది కూడా రాసుకున్నారు.

ఈ గొడవంతా ఇలా నడుస్తుండగా ఆడ సర్జరీ వార్డులో పదకొండో మంచం మీద వరహాలమ్మ ఉంది. పిన్నింటి వరహాలమ్మ, యాభై ఏళ్ళ మనిషి. జీడిపప్పు ఫ్యాక్టరీలో జీడిపిక్కల మీద పొట్టు తీసే పని. నాలుగేళ్ళుగా కడుపులో కొవ్వు గడ్డ ఒకటి పెరిగి పెరిగి, ఆవిడ ఎక్కడికెళ్ళినా ముందు అదే వెళుతోంది. ప్రాణం తీసే జబ్బు రకం కాదన్నారు గానీ, స్కానింగ్‌లో తొమ్మిది కిలోలుండొచ్చని రాశారు. ఎడమవైపు కిడ్నీని అది గోడకేసి నొక్కేస్తోంది. ఇంకో నెల ఆలస్యమైతే ఆ కిడ్నీ మీద ఆశ వదులుకోవాల్సిందేనని స్కానింగ్ డాక్టర్ ఎర్ర సిరాతో గీత గీసి మరీ పంపాడు.

వార్డులో కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిణ్ణి చూసి, "ఎన్నో నెలమ్మా?" అని అడిగేవాళ్ళు.

"నలబై ఎనిమిదో నెల," అనేది వరహాలమ్మ. "దీనికింకా బైటికి రాబుద్ది పుట్నేదు."

ఆవిడ పేరు ప్రతి మంగళవారం భుజంగరావు గారి లిస్టులో రెండోది. మొదటిది ఎప్పుడూ హెర్నియా. సోమవారం రాత్రి నుంచి ఆవిడకు అన్నం పెట్టరు. పొద్దున్నే పచ్చ గౌను తొడుగుతారు. రక్తం సిద్ధం చేస్తారు. పన్నెండు గంటలకు, ఇవాళ్టికి వేళ మించిపోయిందని కబురొస్తుంది. అలా మూడు మంగళవారాలు గడిచాయి. నాలుగోసారి కబురు చెప్పడానికి నేనే వెళ్ళాను.

"మల్లీ మంగలవారమేనా సిస్టరమ్మా?" అని ఆవిడే అంది. గౌను ముడి తనే విప్పుకుంటోంది. "మరేటి సేస్తాం. గెడ్డకేటి, దానికి ఆకలి నేదు. నాకే."

ఆ మాటకు నేను తిన్నగా భుజంగరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నా మొహం చూడకుండా కేస్‌షీటు చూస్తూ మాట్లాడారు. "తొమ్మిది కిలోలు సిస్టర్. ఒక్క కేసుతో ఎనభై ఒక్క ఆకులు పోతాయి. ఇప్పుడు తొంభై రెండు మీదున్నాను, సింహాద్రి, కృపానందం తర్వాత నేనే. మార్చి ముప్పై ఒకటి దాటనివ్వండి. చేద్దాం. చేయనన్నానా?"

ఇరవై రెండేళ్ళుగా ఆయన చేతికి కత్తి అందిస్తున్నాను. విరిగిపోయిన మనుషుల్ని ఆయన అతికించి పంపడం చూశాను. ఆ చెయ్యి మీద నాకున్నంత గౌరవం ఆయన భార్యకు కూడా ఉండి ఉండదు. ఆ రోజు మాత్రం ఆ చేతిలో కేస్‌షీటు లాక్కుని నెత్తి మీద ఒకటి వేద్దామనిపించింది.

వేయలేదు. దానికి బదులు అర్జీ రాశాను. వరహాలమ్మ గడ్డకు తూకం నుంచి మినహాయింపు ఇవ్వాలని రాసి, స్కానింగ్ కాగితం జతచేసి, ముక్తేశ్వరరావు గారి గదికి వెళ్ళాను. సూపరింటెండెంట్ త్రినాథరావు గారు కూడా అక్కడే ఉన్నారు.

ముక్తేశ్వరరావు గారు అర్జీ రెండుసార్లు చదివారు. "సిస్టర్, మీ ఆవేదన సహేతుకము. కాని సూక్ష్మము గమనింపుడు. కడుపులో ఉన్నంతవరకు అది రోగి. బయటకు వచ్చిన మరుక్షణము అది వ్యర్థము. ఇందు మినహాయింపునకు అవకాశము లేదు."

"పోనీ అది మేము తయారుచేసింది కాదు కదా సార్. ఆవిడ ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుంది."

"కాని మా ఆవరణలో విడిచి వెళ్ళును."

"కిడ్నీ పోతుంది సార్."

ఆయన మనసు లేని మనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాసేపు కాగితం మీద ఏవో కూడికలు, భాగహారాలు చేశారు. చేస్తుంటే మొహం విప్పారింది.

"దొరికినది! పరిమితి ఒక్కొక్క శస్త్రచికిత్సకు తొమ్మిది వందల గ్రాములు. గడ్డ తొమ్మిది కిలోలు. నెలకు తొమ్మిది వందల గ్రాముల చొప్పున పది నెలలు. ఒక్క ఆకైనను రాలదు."

నాకు ముందు అర్థం కాలేదు. "పదిసార్లు కడుపు కోయమంటారా సార్?"

"రోగికి కొంత శ్రమయే. కాని ధరిత్రికి సులభ వాయిదాలు."

నేను త్రినాథరావు గారి వైపు తిరిగాను. ఎంతైనా ఆయన డాక్టరు కదా. ఆయన సీలింగు వైపు చూస్తూ, "పైనుంచి వచ్చింది కదమ్మా," అన్నారు. ఆయన దగ్గర అన్ని జబ్బులకూ అదే మందు. మొదటి వాయిదా ఏప్రిల్లో అని ఉత్తర్వు తయారైపోయింది. అందులో వరహాలమ్మను 'దశలవారీ లబ్ధిదారు' అన్నారు.

ఆ కాగితం తెచ్చి భుజంగరావు గారి ముందు పెట్టాను. చదువుతూ చదువుతూ ఆయన కుర్చీలోంచి లేచిపోయారు.

"ముక్కలు కొయ్యమన్నాడా? ఇదేమైనా పనసకాయా? పై పొర తెగకుండా మొత్తం ఒక్కసారి తీయాలి సిస్టర్. తెగి కొంచెం మిగిలినా మళ్ళీ పెరుగుతుంది. వీడికెవడు చెప్పాడు ఈ సంగతి! వీడు పూడిక తీశాడా, చెరువులో బురదలాట ఆడాడా?" వరండా దాకా వినబడేలా అరిచారు. నాకు ఆశ పుట్టింది. అరుస్తూనే కిటికీలోంచి బోర్డు వైపు చూశారు. తొంభై రెండు ఆకులు గాలికి కొద్దిగా ఊగుతున్నాయి. గొంతు తగ్గింది. "ముప్పై ఒకటి కానివ్వండి," అన్నారు.

మార్చి ముప్పై ఒకటి మంగళవారం వచ్చింది.

మూల్యాంకన బృందంలో ముగ్గురొచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ. వాళ్ళ కళ్ళెదుట వ్యర్థరహిత శస్త్రచికిత్స ప్రదర్శన ఏర్పాటైంది. బలగ సన్యాసి అనే రైతుకి హెర్నియా. ఎన్నుకుని ఎన్నుకుని, ఒక్క గ్రాము కూడా రాలని కేసని భుజంగరావు గారు దాన్ని పదిరోజులుగా దాచిపెట్టుకున్నారు.

ఎనిమిదింటికి సన్యాసి వార్డు గుమ్మంలో నిలబడి, "ఆకలేస్తంది సిస్టరమ్మా," అన్నాడు. ఎదురుగా ఇడ్లీ బండి ఉంది. మత్తిచ్చే ముందు కడుపులో ఏమీ ఉండకూడదన్నది ఇరవై రెండేళ్ళుగా నేను అందరికీ చెబుతున్న మాటే. ఆ పూట ఎందుకో చెప్పలేదు. నేనే తినిపించానని తర్వాత మెమోలో రాశారు. అది నిజం కాదు. ఆయన అడిగాడు, నేను వద్దనలేదు. ఆరు ఇడ్లీలు తిన్నాడు.

మెహరున్నీసా గారు వచ్చి సన్యాసిని పరీక్షించి, నా వైపు చూశారు. "ఈయనకి ఇవాళ మత్తు కుదరదు. లిస్టులో రెండో పేరెవరిది సిస్టర్?"

"వరహాలమ్మది డాక్టర్."

"తిండి?"

"రాత్రి నుంచి లేదు. అలవాటే."

"సంతకాలు, రక్తం?"

"అన్నీ ఉన్నాయి. ప్రతి మంగళవారం ఉంటూనే ఉన్నాయి."

"అయితే రూలు ప్రకారం ఆవిడనే పిలవాలి కదా," అన్నారు. రూలు అన్న మాట అంత హాయిగా నాకు ఎప్పుడూ వినబడలేదు.

వరహాలమ్మను టేబుల్ మీదికి ఎక్కించేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఈసారి నిజంగానేనా?" అంది. "నిజంగానే," అన్నాను.

చేతులు కడుక్కుని, మోచేతులు పైకెత్తి పట్టుకుని భుజంగరావు గారు లోపలికి వచ్చేసరికి ఆవిడకు మత్తు ఎక్కేసింది. బృందం ముగ్గురూ, ముక్తేశ్వరరావు గారూ గౌన్లూ టోపీలూ వేసుకుని గోడవారన నిలబడి ఉన్నారు. పచ్చ గుడ్డ కింద కడుపు అంత ఎత్తున లేచి ఉంది.

"హెర్నియా ఇంత పరిమాణమున ఉండునా?" అని ముక్తేశ్వరరావు గారు మర్యాదగా అడిగారు.

భుజంగరావు గారు ఆ కడుపుని చూశారు. తర్వాత నన్ను చూశారు. మాస్కు పైన ఆ కళ్ళలో ముందు కోపం, తర్వాత లెక్కలు. నేను ట్రే మీద కత్తి సర్దుతున్నట్టు నటించాను.

"మత్తిచ్చేశాను సార్," అని మెహరున్నీసా గారు తలవైపు నుంచి నెమ్మదిగా అన్నారు. "వద్దంటే లేపేస్తాను. మళ్ళీ మంగళవారం తీసుకొస్తాం. ఆవిడకి అలవాటే."

భుజంగరావు గారు చెయ్యి ఆ కడుపు మీద పెట్టారు. అటూ ఇటూ కొద్దిగా కదిపి చూశారు. అలా చూస్తూ చూస్తూ ఉంటే ఆయన భుజాలు మారాయి. ఆ భుజాలు నాకు తెలుసు. ఇక ఎవరు చెప్పినా వినరు.

"సిస్టర్, కత్తి. దారం పన్నెండు చింపండి."

పన్నెండూ చింపాను. అయిదు వాడారు. ఆ ఒక్కరోజుకి నేను నోరెత్తలేదు.

మూడున్నర గంటలు పట్టింది. మొదటి గంటలోనే బృందంలో ఒకాయన బయటికి వెళ్ళి కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ చివరిదాకా నిలబడి చూశారు. ఆ గడ్డ చుట్టూ ఆయన వేళ్ళు తిరిగిన తీరు చూడాలి. పేగుని నెమ్మదిగా తప్పించి, నరాల్ని ఒక్కొక్కటే విడదీసి, కిడ్నీ మీంచి దాన్ని పొర కూడా చిట్లకుండా లేపారు. కిడ్నీ దక్కింది. గడ్డ రెండు చేతుల్లోకీ మొత్తంగా వచ్చింది. నేను మాపులు లెక్కపెట్టాను. ముప్పై ఇచ్చాను, ముప్పై తీసుకున్నాను.

తర్వాత కాటా దగ్గర ముక్తేశ్వరరావు గారు చదివారు. "గడ్డ మాత్రమే తొమ్మిది కిలోల మూడు వందల గ్రాములు. ఎనభై నాలుగు ఆకులు, డాక్టరు గారూ!"

"తొమ్మిది మూడొందలా?" భుజంగరావు గారు మాస్కు లాగేశారు. మొహం వెలిగిపోతోంది. "ఈ జిల్లాలో ఇంత పెద్దది ఎవడూ తీయలేదు. ఎవరి దగ్గరైనా ఫోనుందా? ఫోటో తీయండి. సింహాద్రిని పిలవండి, చూస్తాడు. సిస్టర్, కొంచెం పక్కకి జరగండి, గడ్డ కనిపించాలి."

ఆయనకు మళ్ళీ మొదటి స్థానం దొరికింది. బోర్డు సంగతి ఆయన ఆ తర్వాత ఎత్తలేదు.

బిరుదు వేరే జిల్లాకు పోయింది. అక్కడి ఆసుపత్రిలో ఏడాదిగా సర్జన్ పోస్టు ఖాళీగా ఉందట. ఒక్క గ్రాము వ్యర్థం కూడా రాలేదట. మాకు మెమోలు వచ్చాయి. నాకు ఇడ్లీల గురించి, మెహరున్నీసా గారికి లిస్టు వరుస పాటించినందుకు. అయితే ముక్తేశ్వరరావు గారి దగ్గర ఫైలు ఇంకా పూర్తికాలేదు. పరిమితికి పదిరెట్లు మించిన వ్యర్థం వచ్చినప్పుడు దాని మూలకర్త నుంచి సంజాయిషీ తీసుకోవాలని పద్నాలుగో పేజీలో ఉంది. సర్జన్ మూలకర్త కాడు, తీసినవాడు మాత్రమే. అందుకని ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజున ఆయన ఫారం పట్టుకుని పదకొండో మంచం దగ్గరికి వచ్చారు.

వరహాలమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని జావ తాగుతోంది. ఒంటికి కాస్త రంగు వచ్చింది. ఆయన్ని చూసి గ్లాసు పక్కన పెట్టి, పమిట సర్దుకుంది.

"గత నెల ముప్పై ఒకటవ తేదీన మీరు తొమ్మిది కిలోల మూడు వందల గ్రాముల వ్యర్థమును ముందస్తు అనుమతి లేకుండా ఈ ఆవరణలోనికి తీసుకొని వచ్చినట్లు రికార్డు చెప్పుచున్నది. నిజమేనా?"

ఆవిడ నా వైపు చూసింది. నేను తలూపాను.

"తెచ్చినాను బావూ."

"ఎందులకు?"

"ఇంటికాడ ఎట్టీసి రాడానికి అవ్వనేదు."

ఆయన రాసుకున్నారు. "ఎంతకాలమునుండి మీ వద్ద నిల్వ ఉన్నది?"

"నాలుగేల్లు." వరహాలమ్మ గొంతు పెంచకుండానే అంది. "నాలుగేల్లూ నానే మోసినాను బావూ. పనికెల్తే మోసుకెల్లినాను, నీల్లకెల్తే మోసుకెల్లినాను. బస్సెక్కితే ఇద్దరి సోటు తినేసినావని తిట్టినారు. పక్క మీద ఇటునుంచి అటు తిరగడానికి లేసి కూకునేదాన్ని. ఇన్నేల్లలో సిన్న ముక్క బూమ్మీద పడనీనేదు. ఇప్పుడు మీరు బూమికి బరువైపోనాదంటన్నారు. బూమి మోసింది ఎనిమిది రోజులే గదా."

ముక్తేశ్వరరావు గారి కలం ఆగిపోయింది. ఆయన ఆవిడ వైపు, నేను చూస్తుండగా, మొదటిసారి తేరిపార చూశారు. తర్వాత ఫారం వైపు చూశారు. ఆ మాటలు రాయడానికి అందులో గడి లేదు.

గొంతు సవరించుకుని, "సంజాయిషీలో చివరగా ఏమైనా చెప్పదలచుకున్నారా?" అని అడిగారు.

"మల్లీ తేనని రాసుకో బావూ."

'ఇకపై పునరావృతము కానీయనని హామీ ఇచ్చినారు' అని రాసి, ఆవిడకు చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని, ఫైలు మూసి వెళ్ళిపోయారు. వ్యర్థం తగ్గిస్తానని లిఖితపూర్వకంగా ఒప్పుకున్నది మా ఆసుపత్రి మొత్తంలో వరహాలమ్మ ఒక్కతే.